ఆరు దేశాలు, మూడు ఫెర్రీలు, ఒక సాక్షి

సోమవారం పొద్దున తొమ్మిదింటికి రీగా ఊరి బయట పెట్రోల్ బంకులో ఒక డ్రైవర్ చచ్చిపోయాడు. చేతిలో కాఫీ కప్పు అలాగే ఉంది, మూత కూడా తీయలేదు. మెడ వెనక చిన్న గుర్తు. కందిరీగ కుట్టినంత.

మంగళవారం స్టాక్‌హోమ్ ఆఫీసులో ఆ శవం ఫోటోని బల్ల మీదికి తోసింది చీఫ్ గెర్డ్ లిండ్‌బోర్గ్.

"ఇతను చేయాల్సిన పని నీకొచ్చింది, తోర్‌స్టెన్."

తోర్‌స్టెన్ విక్ ఫోటో చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. పదిహేనో ఏట బడి మానేసి లారీ ఎక్కాడు. ఇరవై రెండేళ్ళు ఈ సముద్రం మీద ఫెర్రీల్లో సరుకు తోలాడు. తర్వాత ఈ గూఢచారి డిపార్ట్‌మెంటు వాళ్ళు తీసుకున్నారు, రూట్లు వేయడానికి. అంటే, డిగ్రీలున్నవాళ్ళు మ్యాప్ మీద స్కేలు పెట్టి గీసిన గీత నీళ్ళలో పడ్డప్పుడల్లా పిలిచి అడగడానికి.

"ఎవర్ని తేవాలి?"

"వెల్టా ఓజోలా. దుబాసీ. ఈ డ్రైవర్ని చంపిన ముఠా నాయకుడి పక్కన తొమ్మిదేళ్ళు కూచుని అతని మాటలు వేరే భాషల్లోకి మార్చింది. అతని గొంతు గుర్తుపట్టగలిగేది ఈవిడొక్కతే. వచ్చే సోమవారం పదింటికి హేగ్ కోర్టులో ఉండాలి. ఉండకపోతే వాడు దర్జాగా బయటికి నడిచిపోతాడు."

"విమానం?"

"ఎయిర్‌పోర్టులో వాళ్ళ మనుషులున్నారు."

"పోలండ్ మీదుగా రోడ్డు?"

"ఫోటో చూశావుగా."

తోర్‌స్టెన్ పెన్సిల్ తీశాడు. రీగా నుంచి తాలిన్, అక్కణ్ణించి ఫెర్రీలో హెల్సింకి. రోడ్డు మీద ఫిన్లాండ్ పడమటి రేవు తుర్కు. తుర్కు నుంచి పగటి ఫెర్రీ, ఒలాండ్ దీవుల్లో మరీహామ్న్ దగ్గర పది నిమిషాలు ఆగి స్టాక్‌హోమ్. కిందికి ట్రెల్లెబోర్గ్, మళ్ళీ ఫెర్రీలో రోస్టాక్, జర్మనీ దాటి హేగ్.

"చుట్టు తిరుగుడు కాదా?" అంది చీఫ్.

"చుట్టే. కానీ రోడ్డు మీదైతే ఎవడైనా వెనక పడొచ్చు. ఓడ తలుపు మూశాక కొత్తవాడెవడూ ఎక్కలేడు."

ముందే ఎక్కినవాడి సంగతి ఏమిటని చీఫ్ అడగలేదు. అది తోర్‌స్టెన్‌కే తట్టింది, లిఫ్టులో. 

తోడుగా లినేయా ఫోర్స్ వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు, ఎర్ర కోటు, నడిచొస్తుంటే టైపిస్టులు కూడా తల తిప్పేంత అందం. తుర్కులో పుట్టి పెరిగిందని ఫైల్లో ఉంది. వేషం తేలిక: సెలవులకి మంచమున్న క్యాంపర్ వ్యానులో బయల్దేరిన అక్క వెల్టా, తమ్ముడు తోర్‌స్టెన్, అక్క కూతురు లినేయా.

"టికెట్లు నేను బుక్ చేస్తాలే, మావయ్యా," అంది లినేయా. "నీకు కంప్యూటర్ అంటే దడుపు కదా."

"దడుపు కాదు. దానికి నేనంటే పడదు."

టెక్నికల్ సెక్షన్ వాళ్ళు ఒక థర్మాస్ ఇచ్చారు. మూత మూడుసార్లు తిప్పితే ఆఫీసుకి ప్రమాద సంకేతం పోతుందట. ఇనప ఓడ కడుపులో రేడియో పలకదని దాన్ని కనిపెట్టినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

గురువారం పొద్దున తుర్కు రేవులో బండ్ల వరస. రీగాలో ఎక్కించుకున్న వెల్టా వెనక సీటులో దుప్పటి కప్పుకుని వణుకుతోంది. రెండ్రోజుల్లో ఆవిడ తిన్నది రెండు బిస్కెట్లు.

"తమ్ముడూ, ఆ నీలం కారువాడు మనల్నే చూస్తున్నాడు."

"వాడు మన వెనక ఉన్న కుక్కని చూస్తున్నాడక్కా."

ఉత్తుత్తి వరస అది. కానీ రెండ్రోజులు పిలిచేసరికి నోటికి అలవాటైపోయింది.

చెక్-ఇన్ కిటికీ లినేయా వైపుంది. కార్డులూ, అద్దానికి తగిలించే అట్టముక్కా ఆమే అందుకుంది. ఆమే తగిలించింది. పసుపు కోటువాడు చెయ్యి ఊపితే బండి ఓడలోకెక్కింది. ముందు తలుపు దాకా తీసుకెళ్ళి, ఖాళీ పాల ట్యాంకర్‌కి ముందు నిలబెట్టించారు. తోర్‌స్టెన్ హ్యాండ్ బ్రేక్ లాగి, గేరులో వేసి దిగాడు. వెల్టాకి మెట్లెక్కడం కష్టంగా ఉంటే చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ళ వెనక, బండ్లుండే కార్ డెక్ తలుపులకి తాళాలు పడ్డాయి. మళ్ళీ రేవు వచ్చేదాకా ఎవర్నీ కిందికి పోనివ్వరు.

ఓడ కదిలింది. దీవులు, మళ్ళీ దీవులు. వెల్టా గోడకి ఆనుకుని కూచుంది, తలుపు కనబడేలా. ఎవరు లోపలికొచ్చినా ఆవిడ వేళ్ళు బల్ల అంచుని పట్టుకుంటున్నాయి. లినేయా ఎండు చేపలూ బంగాళాదుంపలూ ప్లేటు నిండా తెచ్చుకుని తింది.

"తిను పిన్నీ. వాళ్ళు వచ్చినా, ఖాళీ కడుపుతో ఎందుకు పోవాలి?"

"అమ్మని పిన్నీ అంటావేంటే," అన్నాడు తోర్‌స్టెన్ గొంతు తగ్గించి.

లినేయా నవ్వింది. "నోరు జారింది. ఆవిరి స్నానాల గదికి వెళ్ళొస్తాను, మావయ్యా. వెన్ను పట్టేసింది." ఎర్ర కోటు మెట్ల వైపు మాయమైంది.

వెల్టా సంచిలోంచి మాత్రల డబ్బా తీసింది.

"ఒకటిన్నరకి వేసుకోవాలి. ఇందాక ఆ పిల్లనడిగితే పన్నెండున్నరే అయింది, ఆగు అంది. గోడ మీద చూస్తే ఒకటిన్నర. ఎవరిది తప్పు, తమ్ముడూ?"

తోర్‌స్టెన్ గోడ గడియారం చూశాడు. ఒకటీ ముప్ఫై రెండు. ఈ ఓడల్లో ఈ కొస నుంచి ఆ కొసదాకా ఫిన్లాండ్ టైమే. స్వీడన్ గడియారం గంట వెనక ఉంటుంది. లినేయా స్టాక్‌హోమ్‌లో పెట్టుకున్న చేతి గడియారం మార్చుకోలేదు. అది నేరమేమీ కాదు. కానీ తుర్కులో పుట్టిన పిల్ల...

అప్పుడు పాల ట్యాంకర్ గుర్తొచ్చింది.

ఇరవై రెండేళ్ళ అలవాటు. ముందు దిగాల్సిన బండ్లని ముందు తలుపు దగ్గర పెడతారు. ఆ ట్యాంకర్ ఒలాండ్ పాల డెయిరీది. అది మరీహామ్న్‌లో దిగుతుంది. దానికి ముందు పెట్టిన బండీ అక్కడే దిగాలి. అంటే తమ టికెట్టు స్టాక్‌హోమ్‌కి కాదు. అద్దానికి వేలాడుతున్న అట్ట మీద దిగే రేవు పేరుంటుంది, తను చదవనే లేదు. లినేయా అచ్చు ఉన్న వైపు బయటికి తిప్పి తగిలించింది.

కుర్చీ జరిపి లేచాడు. 

ఒక్కటి తేల్చుకోవాలి. మెట్లెక్కి ఆవిరి గది బయట నుంచుని మేనకోడల్ని పిలిచాడు. తువ్వాలు చుట్టుకుని తల బయటికి పెట్టింది. చేతికి గడియారం ఉంది.

"మరీహామ్న్ ఎప్పుడొస్తుందే? అక్కకి గాలి కావాలంట."

"రెండూ పదికి." గడియారం చూసుకుంది. "ఇంకా గంటన్నర ఉందిలే. నన్ను వదులు."

తోర్‌స్టెన్ దిగి వచ్చాడు. స్టాక్‌హోమ్ టికెట్టున్న మనిషికి మరీహామ్న్ టైము నిమిషంతో సహా ఎందుకు? అదొకటి. రెండోది అంతకన్నా గట్టిది. ఒలాండ్‌లో అందరూ స్వీడిష్ మాట్లాడతారు. బయటివాళ్ళు అక్కడ స్వీడన్ టైమే అనుకుంటారు. కాదు. ఆ దీవులు ఫిన్లాండ్‌వి, గడియారమూ ఫిన్లాండ్‌దే. ఈ తీరంలో పుట్టిన నాలుగేళ్ళ పిల్లాడికీ అది తెలుసు. లినేయా ఫోర్స్ ఇక్కడి మనిషే కాదు. ఎవరో భాష నేర్పారు, నడక నేర్పారు, ఎర్ర కోటు కొనిపెట్టారు. గడియారం సంగతి మరిచిపోయారు.

ఓడ రేవు చేరడానికి గంటన్నర లేదు. అరగంట ఉంది.

"అక్కా, నా మాట విని భయపడకు," అన్నాడు.

"తొమ్మిదేళ్ళుగా అదే పనిలో ఉన్నాను. చెప్పు."

చెప్పాడు.   వెల్టా వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టింది.

"ఇదేంటి?"

"దుప్పటి కింద దిండ్లు పెడితే ఎవరూ నమ్మరు, తమ్ముడూ. బూట్లు బయటికి కనబడితే నమ్ముతారు."

ఒకటీ యాభై అయిదుకి మైకు పలికింది: మరీహామ్న్‌లో దిగే బండ్లవాళ్ళు కార్ డెక్‌కి రావాలి. పైన ఆవిరి గదిలో మైకు వినబడుతుందో లేదో తోర్‌స్టెన్‌కి తెలియదు. లెక్కచేయకుండా మెట్లు దిగాడు. డెక్ మీద డీజిల్ వాసన, గొలుసుల చప్పుడు. ప్రతి బండి వెనకా ఎవడో నుంచున్నట్టే ఉంది. వ్యాను మంచం మీద దిండ్లు పరిచాడు, వెల్టా కోటు కప్పాడు, తలవైపు ఆవిడ రుమాలు చుట్టాడు, కాలివైపు బూట్లు. తెర సగం లాగాడు. ఒక బూటు రెండుసార్లు జారిపడింది.

పైకొచ్చి ఫోన్ చేశాడు.

"లినేయా, ఎక్కడున్నావ్? రేవు వచ్చేసింది."

"ఏంటి?" ఆమె గొంతులో ఉలికిపాటు. "ఇంకా గంట..."

"బుకింగ్‌లో ఎవడో మరీహామ్న్ అని వేశాడు. బండి తీయకపోతే ట్యాంకర్ కదలదని అరుస్తున్నారు. అక్క వాంతులు చేసుకుని బండిలో పడుకుంది. నేను రిసెప్షన్ దగ్గర టికెట్టు మార్చమని కొట్లాడుతున్నా. రెండో తాళంచెవి నీ దగ్గరుందిగా, బండి దింపి పక్కన పెట్టు. మార్చుకుని నేనూ దిగి వస్తా, మళ్ళీ ఎక్కిద్దాం."

తోర్‌స్టెన్ ఫోన్ చెవికి నొక్కుకున్నాడు. ఆమె జవాబులో తన ప్రాణం, వెల్టా ప్రాణం, కోర్టు ఎదురుచూస్తున్న సోమవారం ఉన్నాయి.

"నా తప్పే, మావయ్యా," అంది లినేయా, తేనె పూసినట్టు. "నువ్వు నెమ్మదిగా రా."

తడి జుట్టుతో ఎర్ర కోటు మెట్లు దిగడం చూశాడు. వెల్టా స్తంభం చాటున మేజోళ్ళతో నుంచుంది. ఇద్దరూ కిటికీ దగ్గరికి చేరారు. కింద రేవులో బూడిద రంగు కారు, పక్కన ముగ్గురు మగవాళ్ళు. ఒకడి చేతిలో మడిచిన గొడుగు. వాన లేదు.

ముందు తలుపు తెరుచుకుంది. వ్యాను రాలేదు.

"తెర తీసి చూస్తోందేమో," అంది వెల్టా పెదాలు కదపకుండా.

పాల ట్యాంకర్ హారన్ కొట్టింది. ఓడ అంతా మోగింది. ఎవడో ఒలాండ్ యాసలో తిట్టాడు, ఆ తిట్టు ఇక్కడ రాయడం కుదరదు. ఇంకోసారి హారన్. వ్యాను ఒక్క గంతులో వాలు దిగి రేవు మీద పడింది. వెనకే ట్యాంకర్.

ముగ్గురూ వ్యాను చుట్టూ చేరారు. గొడుగువాడు వెనక తలుపు తెరిచి గొడుగు మొనతో లోపలికి గుచ్చాడు. ఒకసారి. రెండుసార్లు. తర్వాత ఒక బూటు చేత్తో పట్టుకుని నిటారుగా నుంచున్నాడు.

లినేయా తలెత్తి ఓడ వైపు చూసింది. తోర్‌స్టెన్ టోపీ తీశాడు. ఇనప తలుపు పైకి లేచి మూసుకుంది. ఓడ కదిలింది. 

కెప్టెన్ చేత మరీహామ్న్ పోలీసులకి కబురు చేయించాడు. తొందరేం లేదు, అది దీవి. దాటాలంటే ఎవరైనా మళ్ళీ ఫెర్రీ టికెట్టే కొనాలి. ఆ నలుగురూ సాయంత్రం టికెట్ల వరసలోనే దొరికారు.

స్టాక్‌హోమ్‌లో దిగగానే చీఫ్ ఫోన్.

"బండేది?"

"పోయింది."

"ఇంకా ఒక ఫెర్రీ, రెండు దేశాలు ఉన్నాయి. ఎలా వెళ్తారు?"

"బస్సులో. మీ ఆఫీసులో ఎవరికీ బస్సులో పోవచ్చని తట్టదు."

సోమవారం పదింటికి హేగ్ కోర్టులో వెల్టా ఓజోలా లేచి నిలబడి నోరు తెరిచింది. తొమ్మిదేళ్ళూ వేరేవాళ్ళ మాటలే పలికిన మనిషి. జడ్జిగారు భోజన విరామం ప్రకటించినా మూయలేదు.