వెనక తలుపు తాళం

హనుమాన్ జంక్షన్ దాటి నూజివీడు రోడ్డెక్కాక, మొక్కజొన్న చేల పక్కన మాణిక్యమ్మ ఫంక్షన్ హాల్ ఉంది. ముందు నుంచి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. పొద్దుగూకాక వెనక వైపుకి మాత్రం ఎవరూ పోరు. ఎంగిలాకులకి తిరిగే కుక్కలు కూడా ఆ మలుపు దగ్గరే ఆగిపోతాయని చెప్పుకుంటారు...

పదకొండేళ్ల కిందట అక్కడొక పెళ్లిలో డెకరేషన్ గుడ్డలంటుకున్నాయి. జనం ముందు గుమ్మంలోంచి బయటపడ్డారు. గిన్నెలు తోమే సువార్తమ్మ మాత్రం దగ్గరగా ఉందని వెనక తలుపు వైపు పరుగెత్తింది. ఇనప తలుపు. బయట తాళం. భోజనాల బంతులు నడుస్తుంటే పిలవనివాళ్లు దూరకుండా వెనక తాళం వేయడం అక్కడి అలవాటు మరి.

ఫైరింజన్ తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. రిపోర్టులో అదే రాశారు, పైవాళ్లు శభాష్ అన్నారు. తాళం పగిలేసరికి సువార్తమ్మ ప్రాణాలతో లేదు.

ఆ తాళం పగలగొట్టినవాడు శౌరయ్య. అప్పుడు మామూలు ఫైర్‌మన్. ఇప్పుడు లీడింగ్ ఫైర్‌మన్.

ఇన్నేళ్లకి రంగులేసి హాలు మళ్లీ తెరిచారు. తలుపు మాత్రం పాతదే. ఆదివారం మొదటి పెళ్లి, ఎనిమిది వందల మంది. శౌరయ్య వెళ్లి చూస్తే — మళ్లీ అదే తలుపుకి తాళం. స్టేషన్ తరఫున రెండుసార్లు నోటీసు పట్టుకెళ్లాడు.

“తీస్తే రోడ్డున పోయేవాళ్లంతా బంతిలో కూర్చుంటారు శౌరయ్య గారూ. వాళ్లకి మీ డిపార్ట్‌మెంటు వండి పెడుతుందా?” అని నవ్వాడు ఓనరు తిరుపతిరావు.

బుధవారం రాత్రి చప్పుడు మొదలైంది.

టంగ్, టంగ్, టంగ్... ఆగి... మళ్లీ టంగ్, టంగ్, టంగ్.

వాచ్‌మన్ అబ్రహాము చెప్పులొదిలేసి పరుగెత్తాడు. సువార్తమ్మే కొడుతోందని తెల్లారేసరికి టీ కొట్ల దగ్గర తేల్చేశారు.

శౌరయ్య నమ్మలేదు. మూడు కొట్టి, ఆగి, మూడు? మొన్న ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలప్పుడు పాలిటెక్నిక్ పిల్లలకి అది నేర్పింది తనే!

“పొగ పైకి పోతుంది, గాలి నేల దగ్గరుంటుంది. పాకండి. తలుపు తగిలితే మూడు కొట్టి ఆగండి, మళ్లీ మూడు. ఆగితేనే అవతల మనిషి ఉన్నట్టు తెలుస్తుంది.”

“ఇది ఏ పుస్తకంలో ఉంది సార్?” అంది వాళ్లలో ఉషశ్రీ.

“నేర్చుకోమ్మా, పుస్తకమెందుకు” అని కసిరాడు.

ఆ పిల్లలే తర్వాత వాలంటీర్లుగా చేరి, ఇల్లిల్లూ తిరిగి గ్యాస్ ట్యూబులు చూసొచ్చారు. ఇప్పుడు నోటీసుకి లొంగని మనిషిని దెయ్యంతో లొంగదీస్తున్నారా? వాళ్లలో ఆ జోయెల్ గాడైతే అంతపనీ చేస్తాడు...

అనుమానం తిరుపతిరావుకీ వచ్చింది. “మీ పిల్లల పనేనటగా! ఇవాళ వచ్చి పట్టుకోండి. లేదంటే రేపు పెళ్లి కాగానే పోలీసు కేసు పెడతా. ఇంక వాళ్ల చదువులు మీ ఇష్టం.”

శనివారం రాత్రి ఎనిమిదింటికి ఇద్దరూ వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. తాళం వేసే ఉంది. శౌరయ్య చేను వైపే చూస్తున్నాడు. వస్తే అటు నుంచే రావాలి. ఆకు కదల్లేదు.

టంగ్. టంగ్. టంగ్.

చేలోంచి కాదు... తలుపు అవతల నుంచి.

“లోపలున్నారు...” అంటూ తిరుపతిరావు ఒకడుగు వెనక్కేశాడు.

“ముందు తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుంది?”

“రెండూ నా దగ్గరే.”

మళ్లీ మూడు. శౌరయ్య తలుపుకి అరచెయ్యి ఆనించాడు. ఛాతీ ఎత్తున ఏమీ తెలియలేదు. చెయ్యి కిందికి జరిపాడు... ఇంకా కిందికి. గడపకి జానెడు ఎత్తున ఇనుము అదిరింది.

భలే పిల్లలు! ఏ కిటికీలోంచి దూరారో గానీ, చెప్పినట్టే పాకి మరీ కొడుతున్నారు.

“తియ్యండి” అన్నాడు.

తిరుపతిరావు తాళం తీశాడు. తలుపు తెరుచుకుంది. శౌరయ్య టార్చి వేశాడు. వరసగా కుర్చీలు. పూల మండపం. కొత్త రంగు వాసన... మనిషి జాడ లేదు.

“ఇంక ఈ తాళం నాకొద్దు బాబూ. మీరే ఉంచుకోండి!” తాళం ఆయన చేతిలో కుక్కి తిరుపతిరావు కారెక్కేశాడు. పరుగులో అబ్రహాముకి తీసిపోలేదు.

శౌరయ్య తలుపు బార్లా తీసి, కదలకుండా తాడుతో కట్టాడు. “ఒరేయ్ జోయెల్! చాల్లే, బయటికి రా!”

వెనక నుంచి ఆకులు గలగలమన్నాయి. చేలోంచి లేచారు జోయెల్, ఉషశ్రీ. జోయెల్ చేతిలో కర్ర.

“తాళం ఇచ్చేశాడా సార్?”

“ఇచ్చాడు. కేసు తప్పింది మీకు. లోపలికి ఎలా దూరార్రా? ఎలా బయటపడ్డారు?”

“లోపలికా? మేం రోజూ బయటి నుంచేగా సార్. ఈ కర్రతో, నిలబడి కొట్టి పారిపోయేవాళ్లం.”

“మరి ఇవాళ?”

“కారు చూసి చేలోనే పడుకున్నాం. మేమింకా మొదలే పెట్టలేదు. మీరే కొట్టి ఆయన్ని బెదరగొడుతున్నారనుకున్నాం...”

ఉషశ్రీ తలుపు కేసి చూస్తూ మెల్లగా అంది — “సార్... అది ఏ పుస్తకంలో ఉందో మీరు చెప్పనే లేదు.”

శౌరయ్య అప్పుడూ చెప్పలేదు.

అది ఏ పుస్తకంలోనూ లేదు. పదకొండేళ్ల కిందట తాళం మీద గొడ్డలి వేస్తుంటే, ఈ తలుపు అవతలే, గడపకి జానెడు ఎత్తున విన్నాడు. మూడు... ఆగి... మూడు.

ఆ తర్వాత ఆగిపోయింది.