ముందే కలిపి ఉంచిన గ్లాసు

"ఒక్క గుక్క, పిచ్చుకా... నా మాట విను, ఒక్క గుక్క."

కూతురి అత్తారింటి గుమ్మంలో అడుగు పెడుతూనే తల్లికి వినబడిన మాట అది. చేతిసంచి అక్కడే వదిలేసి వంటింట్లోకి పరుగెత్తింది.

కూతురు గోడకి చేరగిలబడి గచ్చు మీద కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది, చెమటకి జాకెట్టు తడిసి ముద్దయింది, పెదాలు ఏదో గొణుగుతున్నాయి గాని ఒక్క మాటా తిన్నగా రావడం లేదు. పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని వియ్యపురాలు చక్కెర నీళ్ళ గ్లాసు ఆ పెదాలకి ఆనించి ఉంది.

"మింగుతోందా?"

"మింగుతోంది వదినగారూ. కంగారు పడకండి."

కంగారు పడకుండా ఎలా ఉంటుంది? తొమ్మిదో ఏట ఈ పిల్లకి చక్కెర జబ్బని తేలిన రోజు నుంచి, పెళ్ళి చేసి పంపేదాకా, రోజూ సూది పొడిచిన చెయ్యి ఆమెది. ఇన్సులిన్ లేకపోతే ఈ పిల్ల బతకదు, కాస్త ఎక్కువైతే ఇదిగో, ఇలా కూలబడుతుంది. తల్లి వేలు పొడిచి రక్తపు చుక్క తీసి షుగరు చూసే యంత్రానికి అంటించింది. నలభై తొమ్మిది. పావుగంట ఆగి మళ్ళీ చూస్తే ఎనభై ఆరు.

"అమ్మా, నువ్వెప్పుడొచ్చావు?" అంది పిచ్చుక, రొట్టె ముక్క నములుతూ.

"నువ్వు నన్ను గుర్తు పట్టకముందు," అంది తల్లి.

ఈ నెలలో ఇది మూడోసారి. మొదటి రెండూ ఫోనులో వింది, ఇవాళ కళ్ళారా చూసింది. మోతాదు తప్పిందా అంటే తప్పలేదు. తిండి మానిందా అంటే మానలేదు. మరెందుకు?

ఖాళీ గ్లాసు కడగడానికి తీసుకున్న తల్లి చెయ్యి పంపు దగ్గర ఆగిపోయింది. గ్లాసు అడుగున ఒక్క పలుకు చక్కెర లేదు. ఆదరాబాదరాగా కలిపితే సగం చక్కెర అడుగునే ఉండిపోతుంది. ఇది ఎప్పుడో కలిపినది. గట్టు మీద, గ్లాసుకి మూత పెట్టిన పళ్ళెం కూడా ఉంది. అంటే... పిల్ల పడిపోతుందని ఈవిడకి ముందే తెలుసు!

తల్లి క్లినిక్కి ఫోను చేసింది. షుగరు పేషెంట్ల సంగతి చూసే నర్సు అంతా విని ఒకటే అడిగింది. "పొద్దున్న పరుగు గాని, ఈత గాని, బరువు పని గాని ఏమైనా చేసిందా?"

"చేస్తే?"

"చేస్తున్నప్పుడే కాదమ్మా, ఆగాక కూడా కండరాలు గంటల తరబడి చక్కెర లాక్కుంటూనే ఉంటాయి. అలాంటి రోజు మామూలు మోతాదే వేసుకుంటే పడిపోతుంది. మానెయ్యమనడం లేదు. ముందు ఏం తినాలో, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో మేం చెప్తాం. దాచిపెట్టి చేస్తేనే ప్రమాదం."

తల్లి కూతురి వైపు తిరిగింది. "ఏమైనా చేశావా?"

పిచ్చుక అత్తగారి వైపు చూసింది. అత్తగారు పొయ్యి వైపు చూసింది.

"లేదమ్మా. ఏం చేస్తాను?"

ఇరవై రెండేళ్ళుగా ఆ మొహం చదువుతున్న తల్లికి అబద్ధం ఎక్కడ దాక్కుంటుందో తెలియదా? కూతురు పడుకోగానే గది వెతికింది. మంచం కింద పిచ్చుక కాన్వాసు బూట్లు, మడమల దాకా తడి బురద. తలుపు వెనక తగిలించిన ఆ పిల్ల చొక్కా చేతులకి నల్లటి జిడ్డు. తల్లిది ఇస్త్రీ దుకాణం. ఎన్ని చొక్కాల నుంచి వదిలించలేదు ఆ మరకని! మసి కాదు, కాటుక కాదు. యంత్రాలకి పెట్టే గ్రీజు.

అల్లుడు పనిచేసేది బస్సుల షెడ్డులో.

నా పిల్లని తెల్లారగట్ల షెడ్డుకి పంపి యంత్రాలు తుడిపిస్తున్నారా! పడిపోతే లేపడానికి చక్కెర నీళ్ళు కలిపి సిద్ధంగా ఉంచుకుంటున్నారా... కన్నీళ్ళు చెంపల మీదకి వచ్చేశాయి. వాటిని తుడుచుకోకుండానే పెట్టె తీసి కూతురి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

పెట్టెతో ఆమె బయటికి వచ్చేసరికి, ముందు గదిలో వియ్యంకుడు గోడగడియారం ఒళ్ళో పెట్టుకుని, మంచి కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. వాచీలు బాగుచేసే మేస్త్రి ఆయన. రెండో కంట చూపు పోయినప్పటి నుంచి సైకిలెక్కడం మానేశాడు. కొడుక్కి సెలవుండి తీసుకెళ్ళిన రోజే బజారులో దుకాణం తెరుచుకుంటుంది.

"ఏంటి చెల్లెమ్మా, వచ్చిన పూటే ప్రయాణమా? మా ఇంటి గడియారాలు చూసి బెదిరిపోయావా ఏం?"

"నా కూతుర్ని తీసుకెళ్తున్నాను అన్నయ్యగారూ. ఈ ఇంట్లో ఉంటే నాకు మిగలదు."

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. గదిలోంచి గోడ పట్టుకుంటూ పిచ్చుక వచ్చింది.

"నేను రానమ్మా."

"ఆ బూట్లకి బురదెక్కడిది? చొక్కాకి జిడ్డెక్కడిది?"

"చెప్పను."

"ఎవరికి భయపడి?"

"భయపడి కాదమ్మా... మాటిచ్చాను." పిచ్చుక కళ్ళు నిండాయి. "నువ్వు తిట్టినా సరే, కొట్టినా సరే. అత్తయ్యని మాత్రం ఏమీ అనకు. నేను ఈ ఇంట్లో హాయిగా ఉన్నాను."

పడిపోయేదాకా ఒళ్ళు అరగదీసినవాళ్ళ మీద ఇంత ప్రేమా! తల్లి పెట్టె ఎత్తబోయింది. ఆ పెట్టె మీద వియ్యపురాలి చెయ్యి పడింది.

"ఒక్కసారి వంటింట్లోకి రండి వదినగారూ. ఆ తర్వాత తీసుకెళ్ళాలనిపిస్తే నేనే మోసుకొచ్చి బస్సెక్కిస్తాను."

వంటింట్లో తలుపు చేరవేసి, వియ్యపురాలు చీర అంచు కొద్దిగా పైకెత్తింది. మోకాలి చిప్ప మీద పచ్చి గాయం, పిక్క పొడుగునా నల్లగా కమిలిన మచ్చలు.

"పడ్డాను. రోజూ పడుతూనే ఉన్నాను. ఊళ్ళో ఎవరూ లేవకముందే మైదానానికి వెళ్తున్నాం, నేనూ పిచ్చుకా. ఈయన సైకిలు తుప్పు పడుతోంది కదా... నేర్చుకుందామని." గొంతు బాగా తగ్గించింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన వెనకే కూర్చుని తిరిగాను. ఇప్పుడు ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని దుకాణానికి దించుదామని నా ఆశ. ముందే తెలిస్తే నవ్వుతారు. బిందె పట్టుకుని తిన్నగా నడవలేవు అంటారు నన్ను. అందుకే ఒట్టేయించుకున్నాను."

"మరి పిల్ల?"

"సీటు పట్టుకుని నా వెనక పరుగెత్తుతోంది. గొలుసు ఊడితే అదే ఎక్కిస్తోంది. వదలమంటే వదలదు, మీరు పడతారత్తయ్యా అంటుంది. ఎక్కువ పరుగెత్తిన రోజే ఇలా అవుతోందని నాకు మొన్ననే అనుమానం వచ్చింది. అందుకే ఇవాళ గ్లాసు కలిపి పెట్టుకున్నాను. మాన్పించాల్సింది, మాన్పించలేదు. ఇంకో రెండు రోజుల్లో సైకిలు వచ్చేస్తుందిలే అనుకున్నాను... స్వార్థం వదినగారూ."

తల్లి ఆ కమిలిన కాలి వైపు చాలాసేపు చూసింది. పెళ్ళి మాటలప్పుడు ఎంతమంది అడిగారు తనని, సూదులు పొడుచుకునే పిల్ల ఇంటికి ఏం పనికొస్తుందని! ఆ పిల్లనే నమ్ముకుని ఈవిడ సైకిలెక్కింది. పరుగెత్తకు, గెంతకు, ఎండలోకి పోకు అంటూ తను పదమూడేళ్ళు కట్టిపడేసిన కాళ్ళు అవి. ఆమెకి ఏడుపు రాబోయి, దారి తప్పి నవ్వొచ్చింది.

"ఇంతకీ వచ్చిందా?"

"తిన్నగా వస్తుంది. మలుపు రాదు."

ఇద్దరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ముందు తేరుకున్నది తల్లే.

"పిల్ల పరుగు మానక్కర్లేదు. నర్సు మానమనలేదు కూడా. దాచొద్దంది. ఏం తినాలో, ఎంత తగ్గించాలో ఇప్పుడే అడగాలి. పిల్లని అడిగితే మీకిచ్చిన మాట దాటి చెప్పదు. నర్సుకి మీరే చెప్పాలి."

వియ్యపురాలు తలుపు వైపు చూసింది. తల్లి ఫోను పెట్టెతో పాటు ముందు గదిలో ఉండిపోయింది, ఆయన పక్కనే. ఇన్నాళ్ళు దాచుకున్న ముచ్చట... నిట్టూర్చి తలుపు తీసింది. నేరుగా వెళ్ళి ఫోను అందుకుంది. క్లినిక్కి కలిపి, అందరికీ వినబడేలా స్పీకరు నొక్కింది.

"మా కోడలు పొద్దున్నే పరుగెత్తుతోందమ్మా. ఇందాక లేదని అబద్ధం చెప్పింది, దాని తప్పు కాదు. సైకిలు సీటు పట్టుకుని వెనక పరుగు."

వియ్యంకుడు భూతద్దం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అదీ సంగతి," అన్నాడు నెమ్మదిగా. "ఎక్కనివాడి సైకిలు చక్రాలకి రోజూ బురదెలా అంటుతోందా అనుకుంటున్నా."

పిచ్చుక కంగారుగా అత్తగారి భుజం పట్టుకుంది. "అత్తయ్యా, వద్దు..."

"మంచిదమ్మా, చెప్పారు," అంది నర్సు. "ఇక మోతాదు సరిచేద్దాం. ఇంతకీ సైకిలు నేర్చుకునేది ఎవరు, చిన్నపిల్లలా?"

వియ్యపురాలు భర్త కళ్ళలోకి తిన్నగా చూసింది, కొత్త పెళ్ళికూతురిలా ఎర్రబడిన మొహంతో.

"పిల్లలు కాదమ్మా," అంది గట్టిగా. "నేనే. దాని అత్తగారిని."