ఆరో ఫ్యాను

“ఆ ఆరో ఫ్యాన్ ఒక్కసారి ఆపమని మూడు వారాల నుంచి మొత్తుకుంటున్న. నీకు చెవులు ఇనపడవా?”

మహిమ నడుం మీద చేతులు పెట్టుకుని దారికి అడ్డంగా నిలబడింది. నిచ్చెన భుజాన వేసుకుని పోతున్న సుకుమార్ ఉలిక్కిపడి ఆగాడు.

“ఆగదు మేడమ్. దానికి స్విచ్ లేదు.”

“లేదంటే?”

“మెయిన్ నుంచే డైరెక్ట్ ఇచ్చిన.”

“మిగిలిన ఐదింటికి స్విచ్చులున్నయ్. గీ ఒక్కదానికి ఏం రోగమొచ్చింది?”

“దాన్ని ఆపితే మంచిగుండదు మేడమ్,” అన్నాడు సుకుమార్. అతని చెవులు ఎర్రబడ్డాయి.

సారపాకలో పేపర్ మిల్లు పక్క సందులో ఉన్న ఆ ప్రార్థనా మందిరానికి రేకుల కప్పు. మే నెలలో లోపల కూర్చుంటే మనిషి ఉడికిపోవాల్సిందే. మొన్నటిదాకా ఆడవాళ్ళ వైపు పాటల పుస్తకాలతో విసురుకుంటూనే ప్రసంగం వినేవాళ్ళు. ఈ వేసవిలో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఇచ్చి ఆరు ఫ్యాన్లు పెట్టించారు. ఇచ్చినవాళ్ళ పేర్లు రెక్కల మీద రాయించడం అక్కడి ఆనవాయితీ. బోర్డులు రాసే సీతయ్య పేర్లు రాశాడు. మిల్లులో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే సుకుమార్ ఉచితంగా బిగించాడు.

ఆరో ఫ్యాను మహిమది. భద్రాచలం దవాఖానాలో నర్సుగా చేరి, మొదటి జీతంతో కొన్నది. బిగించిన రోజు ఆమెకు డ్యూటీ. మరుసటి ఆదివారం వచ్చి చూస్తే ఫ్యాను అప్పటికే గిర్రున తిరుగుతోంది. తన పేరు రెక్క మీద ఎలా ఉందో ఒక్కసారి చూసుకోవాలని ఆమెకు ఆశ. చూడనిస్తేగా! అందరికంటే ముందొచ్చి మెయిన్ వేసేదీ సుకుమారే, అందరూ వెళ్ళాక ఆపి తాళం పెట్టేదీ సుకుమారే.

ఇంకో సంగతి. మందిరంలోనూ దవాఖానాలోనూ అందరూ ఆమెను ‘సిస్టర్’ అనే పిలుస్తారు. ఇతనొక్కడే ‘మేడమ్’ అంటాడు. ఎందుకో మహిమకు తెలియకపోలేదు. తెలిసినట్టు కనపడడం ఇష్టం లేదు, అంతే.

“అసలు ఫ్యాన్ గొప్పతనం మీకు తెలుసా మేడమ్?” మాట మార్చాడు సుకుమార్. “అది గాలిని చల్లగ చెయ్యదు. బయటి నుంచి ఏం తేదు. ఉన్న గాలినే కదిలిస్తది. మన చెమట ఆరుతది, మనకు పానం లేచొస్తది. గంతే. అది కనిపెట్టినాయనకు దండం పెట్టాలె.”

వార్డులో కరెంటు పోయినప్పుడు పసిపిల్లల ఏడుపు, రాగానే పడే నిద్ర మహిమకు గుర్తొచ్చాయి. నిజమే అనిపించింది. కానీ అందుకు రాలేదు ఆమె.

“వచ్చే ఆదివారం నన్ను చూసుకోడానికి వస్తున్నరు,” అంది ఉన్నట్టుండి. “సత్తుపల్లోళ్ళు. పిలగాడు జస్టిన్. బొగ్గు గనిలో సూపర్‌వైజర్. మందిరంలనే చూస్తరంట.”

సుకుమార్ చేతిలోని టెస్టర్ కింద పడింది. తీయడానికి వంగినవాడు చాలాసేపు లేవలేదు.

“అట్లనా మేడమ్? ఫ్యాన్లు మంచిగ తిరిగేటట్టు చూస్త.”

మహిమకు ఒళ్ళు మండిపోయింది. మాట కోసం వస్తే ఫ్యాన్లు చూస్తాడట! విసవిసా ఇంటికి వెళ్ళిపోయింది. ఆ వారమంతా నాన్నకు ‘వద్దు’ అని చెప్పడానికి నోరు తెరవడం, ‘ఎందుకు వద్దు’ అంటే ఏం చెప్పాలో తెలియక మూసుకోవడం. ఆదివారం రానే వచ్చింది.

సత్తుపల్లి వాళ్ళు ముందు వరుసలో కూర్చున్నారు. మహిమ నాన్న సంసోను సంఘానికి సెక్రటరీ. ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దవుతున్నా నవ్వుతూనే తిరుగుతున్నాడు. మహిమ గోడ పక్కన, కరెంటు బోర్డు కింద, నాయనమ్మ జోజమ్మను ఆనుకుని కూర్చుంది. నెత్తిమీద ఆరో ఫ్యాను.

పాస్టరుగారు ఓర్పు గురించి మొదలుపెట్టారో లేదో, కరెంటు పోయింది.

మైకు మూగబోయింది. ఫ్యాన్లు నెమ్మదించాయి. మగవాళ్ళ వైపు నుంచి సుకుమార్ దిగ్గున లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ‘వీడికేమైంది?’ అనుకుంది మహిమ.

ఒక సంగతి చెప్పాలి. జోజమ్మకు నెల కిందటే కంటి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి దుకాణాల బోర్డులు, మందుల అట్టపెట్టెలు, బస్సు వెనక రాతలు, ఏది కనపడితే అది గట్టిగా చదివి వినిపించడం ఆమె ఆనందం. తలెత్తి చూసింది. ఆరో ఫ్యాను ఆగబోతోంది.

“సు... కు... మార్,” అని చదివింది.

మందిరం నిశ్శబ్దంగా ఉంది. రెండో రెక్క వచ్చింది.

“మ... హి... మ. ఓ, మన పిల్లే!”

మూడో రెక్క మెల్లగా వచ్చి, సరిగ్గా ఆమె కళ్ళ ముందే నిలిచింది.

“దం... ప... తు... ల... కా... ను... క.”

మహిమ చటుక్కున తలెత్తింది. కళ్ళు నులుముకుని చూసింది. నీలం రంగుతో, ముత్యాల్లాంటి అక్షరాలు. దంపతుల కానుక! వంద తలకాయలు ఒక్కసారే పైకి లేచాయి. పాస్టరుగారి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ముందు వరుసలో జస్టిన్ తల్లి లేచింది.

“ఏందండీ ఇది? పెండ్లయిన పిల్లనా మాకు చూపిస్తున్నరు?”

“అయ్యో, లేదమ్మా!” సంసోను గబగబా తన రిజిస్టరు తిరగేశాడు. సీతయ్యకు ఇచ్చిన జాబితా దొరికింది. చివరి వరుసలో ‘ఫ్యాన్: మహిమ. బిగింపు: సుకుమార్’ అని ఉంది. మిగిలిన ఐదు ఫ్యాన్లూ భార్యాభర్తలు ఇచ్చినవే. ఒక మగ పేరు, ఒక ఆడ పేరు కనపడగానే సీతయ్య చేయి అలవాటుగా మూడో రెక్క కూడా నింపేసింది.

సంసోను సుకుమార్ వైపు తిరిగాడు. “బిగించింది నువ్వే గద. చూడలేదా?”

“చూసిన అంకుల్.”

“మరి చెప్పలేదేంది?”

సుకుమార్ తల దించుకున్నాడు. “తుడుద్దామని టర్పెంటైన్ కొన్న. నిచ్చెన ఎక్కిన. రెండు పేర్లు పక్కపక్కన చూసిన... దిగిన. మూడుసార్లు ఎక్కిన అంకుల్, మూడుసార్లు దిగిన. తిరిగే రెక్క మీద ఏమున్నదో ఎవరికీ కనపడదు గద అని డైరెక్ట్ ఇచ్చిన.”

నాలుగు వారాలుగా ఆ పేర్ల కిందే కూర్చుంది మహిమ! సిగ్గో కోపమో సంతోషమో, మొహమంతా వేడెక్కిపోయింది.

“ఇప్పుడే ఎక్కు. మూడూ తుడువు,” అన్నాడు సంసోను.

సుకుమార్ కంగారులో మెయిన్ ఆపడం మరిచి, మూలన దాచిన టర్పెంటైన్ సీసా, పాత గుడ్డ పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. గుడ్డ రెక్కకు తాకబోతుండగా కరెంటు వచ్చింది!

ఫ్యాను గుర్రుమంది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. సుకుమార్ తల వంచి, రెండేసి మెట్లు దిగి నేల మీద పడ్డాడు. దెబ్బ తగల్లేదు. పైన ఫ్యాను మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది.

“ఆపండి దాన్ని!” అరిచాడు సంసోను.

“స్విచ్ లేదంకుల్. మెయినే ఆపాలె.”

“మహిమా, నీ పక్కనే ఉన్నది. మెయిన్ ఆపు!”

మహిమ లేచింది. మెయిన్ మీద చేయి వేసింది. కిందికి లాగితే చాలు, ఫ్యాను ఆగుతుంది, గుడ్డ తగులుతుంది, పేర్లు పోతాయి. సత్తుపల్లి వాళ్ళకు ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. సుకుమార్ ఆమెనే చూస్తున్నాడు. ‘ఆపు’ అనలేదు, ‘ఆపొద్దు’ అనలేదు.

“ఆపను నాన్నా.”

“ఏమన్నవ్?”

“ఆపితే తుడుస్తడు. తుడవడం నాకిష్టం లేదు.”

టర్పెంటైన్ సీసా సుకుమార్ చేతిలోంచి జారిపోయింది. పాస్టరుగారు తెరిచిన నోరు ఇప్పటికి మూశారు. అందరికంటే ముందు తేరుకున్నది జస్టిన్.

“అంకుల్, మా గురించి ఫికర్ చెయ్యకుండ్రి,” అన్నాడు నవ్వుతూ. “తెలియకుండ చేసుకుంటే తప్పయ్యేది. ఎండ తగ్గేదాక ఇక్కడనే ఉండి పోతం.”

అతని తల్లి గొణుక్కుంటూనే వచ్చి ఆరో ఫ్యాను కింద చతికిలబడింది.

సంసోను కూడా అక్కడే కూలబడ్డాడు. జోజమ్మ కొడుకు భుజం తట్టింది. “ఆపరేషన్ చేసిన నా కండ్లకే కనపడ్డది. నీకు కనపడ్తలేదారా?”

ఫ్యాను గాలికి ఆయన చొక్కా మెల్లగా ఆరింది. అప్పుడు తలెత్తాడు.

“సుకుమార్.”

“అంకుల్.”

“ఎండ దిగినంక మూడో రెక్క ఒక్కటి తుడువు.”

“ఒక్కటేనా?”

“ఒక్కటే. పెండ్లి కాకముందే దంపతులని మందిరంల అబద్ధం రాసుకుంటమా? ముందు ముదిగొండలో మీ అమ్మానాయనకు ఫోన్ చెయ్యి. పెండ్లయినంక సీతయ్యతో మళ్ళ రాపిద్దాం.”

సాయంత్రం మహిమే మెయిన్ ఆపింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. రెక్క మీద తన పేరు తొలిసారి తీరిగ్గా చదువుకుంది. సుకుమార్ నిచ్చెన మీద నుంచి మూడో రెక్క తుడుస్తుంటే, కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది.

“దీనికి స్విచ్ ఎక్కడ పెట్టమంటరు మేడమ్?”

“నాకు అందేటట్టు పెట్టు,” అంది మహిమ. “నీకొక్కనికే అందితే మళ్ళ ఏం దాస్తవో ఏమో.”