సబ్బు బావగారి కొడుకు

లిఫ్ట్ నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఒక కుర్రాడు, అతని చేతిలో అట్టపెట్టె, అందులో పై వరసా కింది వరసా కలిపి ఇరవై ఎనిమిది పళ్ళు.

"లోపల ఎవరైనా ఉన్నారా?" పైనుంచి ఆడగొంతు వినిపించింది.

"ఉన్నానండీ! త్వరగా మెకానిక్‌ని పిలవండి."

"పిలవక్కర్లేదు, వచ్చేసింది."

"ఎక్కడ?"

"మీతోనే మాట్లాడుతోంది."

అతను నాలుక కరుచుకున్నాడు. "సారీ అండీ. కొంచెం తొందరగా తీయండి. అవతల ఒక పెద్దాయన బోసినోటితో కూర్చుని ఉన్నారు."

"పళ్ళ డాక్టరా మీరు?"

"కాదండీ, పళ్ళు చేసేవాణ్ణి. పీకేది డాక్టరు, చేసేది నేను. పేరు మాత్రం ఆయనకి."

"నా బతుకూ అంతేలెండి. లిఫ్ట్ నడిచినన్నాళ్ళూ నేనున్నట్టే ఎవరికీ తెలీదు. ఆగినప్పుడు తిట్టడానికి గుర్తొస్తాను."

పావుగంటకి తలుపు తెరుచుకుంది. నీలం ఓవరాల్, చెంప మీద గ్రీజు, చేతిలో పొడుగాటి తాళంచెవి. అతను బయటికి దూకి చేసిన మొట్టమొదటి పని, పర్సు తీసి ఆమె చేతిలో ఒక నోటు పెట్టడం. పెద్ద నోటే.

ఆమె దాన్ని అన్నంలో రాయిని చూసినట్టు చూసింది. "ఏంటిది?"

"ఏదో... టీ తాగుతారని."

"నాకు జీతమిస్తారండీ." నోటు మళ్ళీ అతని చొక్కా జేబులో కుక్కింది. జేబు మీద నల్లగా వేలిముద్ర పడింది. "టీ తాగాలనిపిస్తే నేనే కొనుక్కుంటా. కావాలంటే మీకూ కొంటా."

ఆ చొక్కాని అతను చాలా రోజులు ఉతకలేదు. ప్రేమ పుట్టడానికి ఇంతకంటే గొప్ప కారణాలు ఉంటాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

పళ్ళ ల్యాబులో అతన్ని అందరూ 'దొరగారు' అనేవారు. చేతికి ఎముక లేని మనిషి. సాయంత్రం నాలుగింటికి ఎనిమిది మంది టీ తాగితే ఎనిమిది టీలూ దొరవే. ఎవరి పుట్టినరోజైనా కేకు దొరది. హోటల్లో బిల్లు బల్ల దగ్గరికి రాకముందే తను కౌంటర్ దగ్గర ఉండేవాడు. అవతలివాళ్ళు జేబులో చెయ్యి పెడితే ఆ చెయ్యి పట్టుకుని బతిమాలేవాడు. జాలిపడాల్సిన సంగతే అది. ఎనిమిది మందీ మెచ్చుకునేవారు, ఎందుకు మెచ్చుకోరు?

దీని వెనక ఒక సబ్బుముక్క ఉంది.

దొరకి పదకొండేళ్ళప్పుడు చుట్టాలందరూ కలిసి ఎప్పుడైనా హోటల్‌కి వెళ్ళేవారు. బిల్లు వచ్చే వేళకి వాళ్ళ నాన్న లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళేవాడు. తిన్న చేతులు కడుక్కోవడం తప్పు కాదు. కానీ ఆయన అరచేతికి, మోచేతికి, ఒక్కోసారి మొహానికి కూడా సబ్బు రాసుకుని, ఎవరో ఒకరు బిల్లు కట్టేదాకా తిరిగి వచ్చేవాడు కాదు. "సబ్బు బావ లేచాడర్రా, బిల్లు వస్తున్నట్టే!" అనేవాడు మేనమామ. బల్లంతా గొల్లుమనేది. పిల్లవాడు పళ్ళెంలోకి చూస్తూ కూర్చునేవాడు. తను పెద్దయ్యాక బిల్లు కట్టకుండా చేతులు కడగనని ఆ వయసులోనే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టుని జీతమంతా పోసి పెంచాడు.

లిఫ్టమ్మాయికి ఇదంతా తెలీదు. ఆమెకి తెలిసిందల్లా ఈ మనిషి ఒక్కసారి కూడా తనని టీ కొననివ్వడని.

"నా డబ్బుకేమైనా అంటురోగమా?"

"నేనుండగా నువ్వెందుకు?"

"నువ్వున్నావనేగా తాగుతున్నది!"

ఒకరోజు రోడ్డు మీద ఉండగా వాన కుమ్మేసింది. ఇద్దరూ పరిగెత్తి ఒక కొట్టు చూరు కింద నిలబడ్డారు. ఆమె జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. అతను అటు చూడాలా ఇటు చూడాలా అని తేల్చుకోలేక కొట్టులోకి చూశాడు. లోపల గొడుగులు వేలాడుతున్నాయి. పరుగున వెళ్ళి కొనుక్కొచ్చాడు. రెండు.

ఆమె రెండు గొడుగుల్నీ చూసింది. అతన్నీ చూసింది. "ఓరి దేవుడా! ప్రేమించే మనిషి ఎవడైనా రెండు గొడుగులు కొంటాడా?"

"తడుస్తావని..." అన్న తర్వాతగానీ ఆమె వాడిన 'ప్రేమించే' అన్న ముక్క అతనికి అందలేదు. అందాక చెవులు ఎర్రబడ్డాయి. అలా తేలిపోయింది వాళ్ళ సంగతి. ఇంటికి మాత్రం ఎవరి గొడుగులో వాళ్ళు వెళ్ళారు.

పెళ్ళి ఖాయమైంది. అద్దెకి ఇల్లు వెతికారు. రెండు గదులు, వంటింటికి తూర్పు కిటికీ, మూడో అంతస్తు. ఆ భవనానికి లిఫ్టే లేదు.

"ఇదే కావాలి. ఇంటికొచ్చాక కూడా నాకు డ్యూటీ ఎందుకు?" అంది లిఫ్టమ్మాయి. కిటికీ దగ్గర నిలబడి, స్టవ్ ఎక్కడ, నీళ్ళబిందె ఎక్కడ అని గాల్లో చేత్తో గీసి చూపించింది. ఇంటావిడ రిటైరైన టీచరమ్మ, ఎదురు వాటాలోనే ఉంటుంది. బయానాగా పదిహేను వేలు అక్కడే లెక్కపెట్టి ఇచ్చింది లిఫ్టమ్మాయి. మిగతా అడ్వాన్స్, ఇల్లు దొరక్కముందు నుంచీ ఇద్దరూ చెరిసగం పోగేస్తున్నది, వచ్చే ఒకటో తారీకు సాయంత్రం ఐదింటిలోపు కట్టాలి. కట్టకపోతే ఇల్లు వేరేవాళ్ళకి, బయానా తిరిగి రాదు. టీచరమ్మ ముందే చెప్పింది, ఆవిడ తప్పేం లేదు.

"నీ వంతు ఎంతవరకు వచ్చింది?" అని లిఫ్టమ్మాయి నెల నెలా అడిగేది.

"ఉందిలే."

ఉందో లేదో దొరకి నిజంగానే తెలీదు. బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే ఫోన్ బోర్లా పెట్టేవాడు. కాగితాలు వస్తే విప్పకుండా ల్యాబులో పాత పళ్ళ అచ్చులు పడేసే డబ్బాలో వేసేవాడు. విప్పితే అందులో ఉండేది అంకెలు కాదు, మేనమామ నవ్వు.

ఒకటో తారీకుకి ఐదు రోజుల ముందు రెండు కుటుంబాలూ కలిసి భోజనానికి వెళ్ళాయి. ఇరవై రెండు మంది. లిఫ్టమ్మాయి అన్నయ్య పర్సు తీశాడు.

"ఇది మా వంతు బావా, కూర్చో."

"మీరు కూర్చోండి బావా!" అని దొర ఒక్క అంగలో కౌంటర్ చేరాడు. కార్డు గీశాడు. మొదటి కార్డు పనిచేయలేదు. రెండోది పనిచేసింది. "బంగారంలాంటి అల్లుడు," అంది ఆమె తల్లి. ఆ మాట కోసం అతను కిడ్నీ అడిగినా ఇచ్చేవాడు.

ఒకటో తారీకు. టీచరమ్మ ముందు గదిలో లిఫ్టమ్మాయి తన వంతు కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఐదున్నరకి దొర వచ్చాడు. చేతిలో ఎర్రరంగు చిన్నపెట్టె.

"తెచ్చావా?"

"ముందిది చూడు." పెట్టెలో వాచీ ఉంది. వాయిదాల మీద కొన్నది. చేతిలో ఏమీ లేకుండా ఆ గుమ్మం తొక్కడానికి అతనికి కాళ్ళు రాలేదు. ఇంత తెలివితక్కువ పని మరొకడు చేయడు, చేస్తే ఈ సబ్బు బావ కొడుకే చేయాలి.

"వాచీ తర్వాత. డబ్బులేవి?"

"ఒక వారం..."

"ఉందన్నావుగా?"

టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. పరాయి మనుషుల పరువు పోయేటప్పుడు చూడకూడదని తెలిసిన మనిషి.

"లేవని నెల ముందు చెప్పుంటే ఒక గది తీసుకుని నేలమీద పడుకునేవాళ్ళం." ఆమె గొంతు పెంచలేదు. "లేకపోవడం తప్పు కాదు. ఏడు నెలలు నా మొహంలోకి చూస్తూ ఉందన్నావు చూడు, అదీ నేను భరించలేనిది. రేపు మన పిల్లకి జ్వరమొస్తే కూడా మందుల డబ్బులు ఉన్నాయంటావు. బొమ్మ కొనుక్కొస్తావు."

వాచీ బల్లమీదే వదిలేసి మూడంతస్తులూ దిగి వెళ్ళిపోయింది. ఆమె నడక చప్పుడు కింది దాకా వినిపించింది.

మర్నాడు పొద్దున దొర వంటింట్లోకి వచ్చేసరికి నాన్న గ్లాసులు కడుగుతున్నాడు. ఆ చేతుల మీది నురగ చూడగానే ఇరవై ఏళ్ళ మంట నోట్లోకి వచ్చేసింది.

"అంతా నీవల్లే! సబ్బు బావ, సబ్బు బావ అని ఊరంతా నవ్వుతుంటే నువ్వు అద్దంలో మొహం చూసుకున్నావు."

నాన్న కుళాయి కట్టేశాడు. "కుళాయి పక్కనే కిటికీ ఉండేదిరా. ఆ నవ్వులు నాకూ వినిపించేవి."

"నిజం చెప్పు. అప్పుడు నీ జేబులో డబ్బులుండేవా?"

"ఉండేవి కావు."

"లేవని చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్పావా?"

నాన్న చేతుల మీది నురగ దులుపుకున్నాడు.

"నేను కుళాయి దగ్గర దాక్కున్నాను, నువ్వు కౌంటర్ దగ్గర దాక్కున్నావు. లేవు అన్న మాట మనిద్దరికీ నోరు తిరగలేదు. నావల్ల నా ఒక్కడి పరువే పోయిందిరా. నీవల్ల ఆ పిల్ల ఇల్లు పోయింది." ఆ మాటని నాన్న కోపంగా అనలేదు. మళ్ళీ కుళాయి తిప్పి గ్లాసు కడుక్కున్నాడు.

ఆ ఆదివారం దొర అచ్చుల డబ్బా ఇంటికి తెచ్చాడు. అరవై ఒక్క కవర్లు. నాన్న కత్తెరతో అంచు కోసి ఇస్తుంటే తను చదివాడు. పదో కవరు దగ్గర లేచి వెళ్ళాడు. తిరిగొచ్చి పదకొండోది చదివాడు. మధ్యాహ్నానికి తను ఎంత గోతిలో ఉన్నాడో తెలిసింది. లోతు తెలిశాక, విచిత్రం, కొంచెం ఆకలేసింది.

వాచీ తిరిగిచ్చేశాడు. బండి అమ్మేశాడు. సోమవారం నాలుగింటికి టీకొట్టు దగ్గర, "ఇవాళ నా దగ్గర లేవు," అన్నాడు. పంటి బిగువున అన్నాడు. ఎనిమిది మందీ అతనికి పూనకం వచ్చినట్టు చూశారు. "దొరగారు దిగిపోయారే!" అన్నాడొకడు. ఆ నెలాఖరుకి అతనితో టీకి వచ్చేవాళ్ళు ఇద్దరు మిగిలారు. ఆరుగురు తన టీకి స్నేహితులు, తనకి కాదు. ఆ సంగతి మింగడానికి చాలా రోజులు పట్టింది.

లిఫ్టమ్మాయి పోగొట్టుకున్న బయానాకి నెలకి పదిహేను వందల చొప్పున పంపడం మొదలుపెట్టాడు. మొదటి నెల డబ్బుతో పాటు సబ్బు బావ కథంతా రాశాడు. జవాబు లేదు. రెండో నెల లేదు. ఐదు నెలలు పంపాడు, ఐదు నెలలూ లేదు. ఆరో నెలలో నాన్న మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. దొర ఎక్కడా చెయ్యి చాచలేదు, కార్డూ గీయలేదు. ఉన్నది ఆసుపత్రికి కట్టి, ఫోన్ ముందు పెట్టుకుని గంటసేపు కూర్చుని, మూడు ముక్కలు పంపాడు. "ఈ నెల లేవు."

వారం తర్వాత, మధ్యాహ్నం పన్నెండున్నరకి, ల్యాబు గుమ్మంలో నీలం ఓవరాల్ కనిపించింది.

దొర చేతిలోంచి మైనపు దవడ జారి కిందపడింది. "లిఫ్ట్... బాగానే ఉందే!"

"లిఫ్ట్ కోసం రాలేదు. ఆకలేస్తోంది, పద."

ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నారు. ఆమె చిక్కింది. నాన్న మోకాలు ఎలా ఉందని అడిగింది. ఎవరు చెప్పారని అతను అడగలేదు. ఇద్దరూ తల వంచుకుని తిన్నారు. బిల్లు వచ్చి ఇద్దరి మధ్యా కూర్చుంది.

దొర మోకాళ్ళు వాటంతటవే కౌంటర్ వైపు లేచాయి. ఆమె చూస్తోంది. సాయం చేయలేదు, ఆపనూ లేదు.

"నా దగ్గర లేవు," అన్నాడు. "జేబులో ఉన్నవి జీతం వచ్చేదాకా బస్సుకి. ఈ బిల్లు నువ్వే కట్టాలి."

"సరే."

"నేను... చేతులు కడుక్కొస్తా."

కుళాయి దగ్గర గులాబిరంగు సబ్బుముక్క అరిగి ఉంది. రెండుసార్లు రుద్దుకున్నాడు. వెనకాల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆమె వెళ్ళిపోతోందేమో. వెనక్కి తిరిగే ధైర్యం లేక మోచేతుల దాకా రాసుకున్నాడు. నవ్వు కోసం చెవులు రిక్కించాడు. ఎవరూ నవ్వలేదు. అద్దంలో అచ్చం నాన్న మొహమే ఉంది. ఆ మొహాన్ని చూసి అతను మొదటిసారి సిగ్గుపడలేదు, ఏడుపొచ్చింది.

తిరిగాడు. ఆమె కౌంటర్ దగ్గర ఉంది.

"ఇంకాసేపు కడుక్కో," అని అక్కణ్ణుంచే అరిచింది. "చిల్లర లేదంటున్నాడు."

బయట సన్నగా వాన మొదలైంది. ఆమె సంచిలోంచి గొడుగు తీసింది.

"నాకు కోపం పోలేదు," అంది.

"తెలుసు."

"ఆ ఇంటి వంటింటి కిటికీకి ఎవరో పచ్చ తెర కట్టుకున్నారు. అటు వెళ్ళినప్పుడల్లా నీ మీద కోపం కొత్తగా పుడుతుంది. అది ఎప్పటికి పోతుందో నాకే తెలీదు. బయానా మొత్తం కట్టాలి నువ్వు, ఒక్క రూపాయి కూడా వదలను."

"కడతాను. మరి ఎందుకొచ్చావు?"

ఆమె గొడుగు తెరవడానికి కొంచెం ఎక్కువసేపే తీసుకుంది. "ఐదు నెలలు డబ్బులు పంపావు. ఒక్కసారి కూడా రావాలనిపించలేదు. ఆరో నెల లేవన్నావు."

అతను హోటల్ మెట్టు మీదే ఆగిపోయాడు.

"నిలబడ్డావేం? తడుస్తావు, రా."

ఉన్నది ఒక్కటే గొడుగు, అదీ చిన్నది. బస్‌స్టాప్ చేరేసరికి ఇద్దరికీ చెరో భుజం తడిసింది.