ఐదో ఫ్రేము

"ఆ తడి బూట్లతో ఎక్కావంటే కాళ్ళు విరగ్గొడతా!"

లోర్నా అరిచేసరికే వెస్ బౌలింగ్ హాల్లో బంతి విసిరే చెక్క నేల మీద రెండడుగులు వేసేశాడు. బయట జోరువాన. భుజాన తాళ్ళ చుట్ట. బంతి తగిలి పడిన సీసాల్లాంటి పిన్నుల్ని తాళ్ళతో పైకి లాగే కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చాడతను.

"జారాల్సిన బూటు ఆ తడికి అంటుకుందంటే, బోర్లాపడి మొహం పచ్చడే," అంటూ లోర్నా నేల తుడిచింది. "పిన్నులకి తాళ్ళు కట్టి బొమ్మలాట ఆడిస్తావా?"

"పాతవాటికి సామాన్లు దొరకట్లేదు మేడమ్. తాళ్ళు లేకపోతే తలుపులే మూసేస్తారు."

నిజం కాబట్టి ఆ మాట చురుక్కుమంది. ఒకప్పుడు గురువారం లీగ్ అంటే రసీన్ ఊరంతా ఇక్కడే ఉండేది. ఇప్పుడు మిగిలినవి నాలుగు జట్లు. ఒక్కటి తగ్గినా గురువారాన్ని పుట్టినరోజు పార్టీలకి ఇచ్చేస్తానని యజమాని చెప్పేశాడు. లీగ్ బాధ్యతంతా లోర్నాదే. తీరా ఆమె కెప్టెన్‌గా ఉన్న జట్టులోనే ఒక చోటు ఖాళీ. అది నిండకపోతే ఆ జట్టే ఉండదు.

"బౌలింగ్ వచ్చా?"

"కొంచెం."

"చాలు. గురువారం రా. పొడి బూట్లతో."

వచ్చాడు. బాగానే ఆడేవాడు గానీ, పది విడతల ఆటలో ఐదో విడత, అంటే ఐదో ఫ్రేములో మాత్రం బంతి తిన్నగా పక్క కాలవలోకే. ఆ ఫ్రేములో తక్కువ కొట్టినవాళ్ళు జట్టుకంతటికీ బీర్లు కొనాలన్నది ఆనవాయితీ. వారం వారం వెస్సే కొనేవాడు. గ్లాసులు మోయడానికి లోర్నా వెంట వెళ్ళేది. బారు దగ్గర కబుర్లకి అంతుండేది కాదు. తను గురువారం కోసం ఎదురుచూసేది లీగ్ కోసమేనని లోర్నా తనకి తానే చెప్పుకునేది.

ఒక గురువారం ముందుగా వచ్చి చూస్తే, వెస్ ఒంటరిగా, ఒక్కో బంతికి పది పిన్నులూ పడగొడుతూ స్ట్రైక్ మీద స్ట్రైక్ కొడుతున్నాడు. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కావాలని తక్కువ కొట్టి సగటు దించుకుంటే, ఆ లోటు పూడ్చడానికి జట్టుకి అదనంగా పాయింట్లు కలుస్తాయి. లీగ్‌లో అంతకన్నా పెద్ద దొంగతనం లేదు.

"నిన్ను తీసేస్తున్నా."

"అప్పుడు లీగే పోతుందిగా?"

"పోతే పోనీ. దొంగ పాయింట్లతో దాన్ని బతకనివ్వను."

వెస్ మొహం కందగడ్డయింది. "పాయింట్లెవడిక్కావాలి? ఐదో ఫ్రేమొక్కటే వదిలేశాను. బారు దాకా నీతో నడవడానికి ఇంకో దారి తోచలేదు."

లోర్నా రాబోయే నవ్వుని బిగబట్టింది. "అది నాక్కాదు, లీగ్‌కి చెప్పు. మైకులో."

చెవులు ఎర్రబడేదాకా చెప్పాడు. నాలుగు జట్లూ గొల్లున నవ్వాయి. అదనంగా కలిసిన పాయింట్లు కోసేసి, మనిషిని ఉండనిద్దామని అందరూ చేతులెత్తారు.

"ఇన్నేళ్ళుగా ఆడుతున్నా, ప్రేమకోసం బంతి కాలవలో వేసినవాణ్ణి చూళ్ళేదు," అంది జట్టులోని పెద్దావిడ ఎడ్నా.

ఆ రాత్రి ఐదో ఫ్రేములో వెస్ స్ట్రైక్ కొట్టాడు. తర్వాత వంతు లోర్నాది. వెనకనుంచి అతను చూస్తున్నాడన్న ధ్యాసలో చెయ్యి తడబడింది. బంతి కాలవలో పడింది, నిజంగానే.

"బీర్లు నీవే, కెప్టెన్!" ఎడ్నా కేకేసింది.

లోర్నా పర్సు తీసుకుని నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అలా చూస్తావేం? గ్లాసులు మొయ్యవా?"

వెస్ ఒక్క ఉదుటున లేచాడు. దారిలో ఆమే అతని చెయ్యి పట్టుకుంది.

"నాతో నడవాలంటే నోరు తెరిచి అడుగు, ఫ్రేము మాత్రం వదలకు. నేను ఈ గురువారాన్నీ వదలను, నిన్నూ వదలను."