పదికి పది వచ్చిన ప్రశ్న

మాస్టారు బోర్డు కిందే పడి ఉన్నాడు. తల పగిలింది. బోర్డు మీద ఆయన రాసిన ప్రశ్న మాత్రం చెక్కుచెదరలేదు. "లాభమా, న్యాయమా?"

"క్లాసు బాగానే చెప్పినట్టున్నాడు," అంది ఇన్‌స్పెక్టర్. ఆమె నోరే అంత. శవం ముందు కూడా ఊరుకోదు.

ఆయన కంపెనీ ఆఫీసర్లకు వ్యాపార నీతి, చట్టాలు బోధించేవాడు. అన్నీ నిజంగా జరిగిన కేసులతోనే. నిన్న సాయంత్రం క్లాసు ముగిశాక ఎవరో ఆయన స్టీలు ఫ్లాస్కుతోనే ఆయన్ని కొట్టి చంపారు. వేలిముద్రలు తుడిచేశారు.

గదికి తాళం వేయవలసినవాడు అల్లుడు. మామగారికి అసిస్టెంటు కూడా. ఇద్దరికీ క్షణం పడేది కాదు. అతన్నే రిమాండుకు పంపెయ్యమని పైఅధికారి పొద్దున్నించీ తొందరపెడుతున్నాడు.

"పడదు, నిజమే మేడమ్," అన్నాడు అల్లుడు. "అంతమాత్రానికే చంపేస్తానా?"

"సర్లే. నిన్నటి కేసేంటి?"

"లిఫ్టుల కంపెనీ. తీగ బలహీనమని తెలిసీ అమ్మింది. రిటైరైన ముసలాళ్ళు నలుగురు పోయారు."

"ఏ కంపెనీ?"

"పేరుండదండీ. పేరు, ఊరు, సరుకు, అన్నీ మార్చేస్తాం. అలా మాటిస్తేనే కంపెనీవాళ్ళు లోపలి సంగతులు చెబుతారు. రాయడం అయ్యాక నోట్సు కూడా కాల్చేస్తాం. అసలు సంగతి మామగారి కడుపులోనే ఉంటుంది. నాక్కూడా చెప్పరు."

ఇన్‌స్పెక్టర్ క్లాసు వీడియో పెట్టించింది. హెడ్ కానిస్టేబుల్ ఆవలిస్తూ కూర్చున్నాడు. తెర మీద ఒక బ్యాంకు ఆఫీసరమ్మ లేచి నిలబడింది.

"కంపెనీవాళ్ళు ఆ తల్లులకు ఏం చెప్పారు, మాస్టారూ?"

క్లాసంతా చప్పట్లు. మాస్టారు అక్కడికక్కడే పదికి పది మార్కులేశాడు.

"ఆపు!"

"ఏడిపించేసింది కదండీ," అన్నాడు హెడ్.

"నీ మొహం. పోయింది ముసలాళ్ళయ్యా. వాళ్ళకి తల్లులెక్కడుంటారు?"

సాయంత్రానికి ఆఫీసరమ్మను అదే గదికి పిలిపించారు. అల్లుడు ఓ మూల బిక్కచచ్చి నిలబడ్డాడు.

"అందరూ లిఫ్టు గురించి మాట్లాడారు. మీరొక్కరే తల్లులన్నారు. అది అసలు లిఫ్టుల కేసు కాదని మీకెలా తెలుసమ్మా?"

ఆమె దాచలేదు. దాచే ఓపిక లేదు.

"కేసులో మేనేజరు ఒక మాటంటాడు. 'లక్షలో ఒకరికి ఇలా అవుతుంది, ఆ ఒక్కరూ మీవాళ్ళే కావడం మీ ఖర్మ.' పొల్లుపోకుండా అదే మాట నాకు ఫోన్లో చెప్పారండీ. జ్వరం మందు తాగి మా బాబు పోయినప్పుడు."

"మాస్టార్ని అడిగారా?"

"అందరూ వెళ్ళాక అడిగాను. అదే కంపెనీ అని ఒప్పుకున్నారు. రెండేళ్ళ కిందటే తెలుసట. మాటిచ్చాను కాబట్టి బయటపెట్టలేదన్నారు. మా బాబు పోయింది నిరుడు. 'వచ్చే క్లాసులో నీ అనుభవం చెప్పమ్మా, మంచి పాఠమవుతుంది' అన్నారు. ఫ్లాస్కు చేతికందింది."

ఇన్‌స్పెక్టర్‌కి కడుపు మండిపోయింది. చచ్చినవాడి మీదే ఎక్కువగా.

"ఆ మందు ఇంకా అమ్ముతున్నారండీ," అంది ఆఫీసరమ్మ. "నన్నేం చేసినా చెయ్యండి. అది మాత్రం ఆపించండి."

ఇన్‌స్పెక్టర్ వెంటనే మందుల కంట్రోల్ ఆఫీసుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

"ఆ మందు మేం రెండుసార్లు పరీక్షించాం మేడమ్, బాగానే ఉంది," అన్నాడు అవతలి అధికారి. "అన్ని సీసాల్లోనూ లోపం ఉండదు. ఏ బ్యాచ్ చెడ్డదో కంపెనీకే తెలియాలి. వాళ్ళు నోరు విప్పరు. ఎవరితోనైనా ఒప్పుకుని ఉంటే చెప్పండి, ఆ ఒక్క సాక్షి చాలు. రేపే షాపుల్లోంచి తీయిస్తాను."

ఇన్‌స్పెక్టర్ మాస్టారు పడి ఉన్న చోటు వైపు చూసింది.

"ఆయనొక్కరికే తెలుసు కదా," అంది ఆఫీసరమ్మ మెల్లగా. "అయ్యో... నేను చంపేశాను కదా మేడమ్."

"హలో, లైన్లో ఉన్నారా?" ఫోన్లో అధికారి అడుగుతున్నాడు. "ఆ సాక్షిని ఎప్పుడు తీసుకొస్తారు?"