కొరికిన రూపాయి

"నాగవల్లి వదిలిన నాణెం టంకశాలలోనే తప్పుపడిన ఒరిజినల్ మింట్ ఎర్రర్ అయితే నాంపల్లి స్టేషన్‌కి వెళ్లు. ఎవరో పాడుచేసిన నాణెమైతే నాగవల్లి దొరికిపోయినట్టే. టీమ్‌ని వెనక్కి పిలిచెయ్."

చీఫ్ సదాశివ బ్రీఫింగ్ అంతే.

ఏజెంట్ ఫణికుమార్ తలూపాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు, నొప్పెడుతున్న ఎడమ మోకాలు. విదేశీ ముఠాలో మూడేళ్లుగా మన డబుల్ ఏజెంట్ నాగవల్లి. రాడార్ డిజైన్ల చిప్ మోసే మనిషితో ఈ ఆదివారం పదకొండు నలభై రైలెక్కుతుంది. రైలు కదిలితే చిప్పూ దక్కదు, ఆమె కూడా దక్కదు.

అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వరస చివర రాజనర్సు నాణేలు పరిచాడు. పెట్టుడు గడ్డంతో ఫణికుమార్ అతని ముందు అవస్థపడి కూర్చున్నాడు.

"స్టార్ గుర్తుది ఉందా?"

"హైదరాబాద్ మింట్‌వి అయిపోయినయి సార్. కొరికిన రూపాయి ఉంది."

కోడ్ సరిపోయింది. రూపాయికి ఒక పక్క నెలవంకంత ముక్క లేదు. అక్కడ ఆకురాయి గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. కళ్లజోడులోని కెమెరాలో చీఫ్ కూడా చూశాడు.

"ఎవరో కోశారు. డ్యామేజే. వచ్చెయ్," అన్నాడు చెవిలో.

ఫణికుమార్‌కీ ఇంటికి పోవాలనే ఉంది. అయినా అలవాటుకొద్దీ నాణెం తిప్పాడు. మింట్‌లోనే బిళ్ల తెగితే, అచ్చు పడేటప్పుడు ఆ ఖాళీకి సరిగ్గా ఎదురుగా అంచు గట్టు లేవదు. తర్వాత కోస్తే ఎదుటి గట్టుకి ఏమీ కాదు. ఇక్కడ ఎదుటి గట్టు వేలికి తగల్లేదు.

"తప్పు పుట్టుకతోనే ఉంది సార్. గీతలు తర్వాత పెట్టారు, మనం వెనక్కి పోవాలని."

నాణెం ఇంకెవరైనా ముట్టారా అని రాజనర్సుని అడిగితే గుర్తు చేసుకున్నాడు. "ఔ సార్. మేడం ఇచ్చిపోయినంక ఒకాయన జర చూస్తనని పట్కపోయిండు. చాయ్ తాగొచ్చి వాపస్ ఇచ్చిండు."

"పొరపాటైతే బాధ్యత నీదే," అన్నాడు చీఫ్.

"ఎప్పుడు కాదు సార్?"

ఆటోలోనే గడ్డం పీకేసి టీసీ నల్లకోటు తొడుక్కున్నాడు. పదకొండు ముప్పై తొమ్మిదికి బోగీ ఎక్కాడు. కిటికీ పక్కన నల్ల కళ్లద్దాల్లో నాగవల్లి. ఆమె నడుముకి, పట్టుకొంగు చాటున, బూడిదరంగు సూటువాడి పిస్టల్. ఫణికుమార్ టికెట్ అడిగాడు. వాడు రెండో చెయ్యి జేబులో పెట్టగానే పిస్టల్ పట్టిన మణికట్టు విరిచి పట్టుకున్నాడు. వెనకే టీమ్ దూకింది. వాడి వాచీలో చిప్ దొరికింది. వాళ్లు దిగుతుండగానే రైలు కదిలింది.

ఆకురాయి సంగతి నాగవల్లికి చెప్పి ఆ సూటువాడు పొద్దుట్నుంచీ నవ్వుతూనే ఉన్నాడట.

"గీతలు చూసి వెళ్లిపోతారనుకున్నాను," అంది నాగవల్లి.

"వెళ్లిపోదామనే అనుకున్నానమ్మా. లేవడానికే టైం పట్టింది."

సోమవారం ఆఫీసు మెడికల్ ఫారం వచ్చింది. మోకాలి లోపం డ్యూటీలో వచ్చిందా, పుట్టుకతోనే ఉందా అని అడిగారు.

ఫణికుమార్ రాశాడు: "దయచేసి ఎదుటి మోకాలు చూడగలరు."